సలాడ్‌కి పచ్చి కూరగాయలు చూసి కొనడం ఎలా? నాన్నగారి కోసం అడుగుతున్నాను

మియాపూర్_అబ్బాయి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 62 ఏళ్లు. పోయిన నెల చేయించిన పరీక్షల్లో షుగర్ హద్దు మీద ఉందని తేలింది. డాక్టర్ గారు మందులు ఇప్పుడే వద్దని, మూడు నెలలు నడక, తిండి చూసుకోమని చెప్పారు. రాత్రిపూట అన్నం సగానికి తగ్గించి, దానికి ముందు ఒక గిన్నెడు పచ్చి కూరగాయలు తినమన్నారు.

సరేనని ఆఫీసు నుంచి వస్తూ సూపర్ మార్కెట్‌లో లెట్యూస్, ఎర్ర క్యాప్సికమ్, పసుపు క్యాప్సికమ్, చెర్రీ టమాటాలు, కీరా, ఒక సీసా డ్రెస్సింగ్ తెచ్చాను. మొదటిరోజు నాన్న నా కోసం తిన్నారు. రెండోరోజు కీరా చేదు. మూడోరోజుకి లెట్యూస్ కవర్లోనే జిగురు పట్టింది. నాలుగోరోజు "ఈ ఆకులు నా వల్ల కాదురా, రెండు పుల్కాలు చాలు నాకు" అన్నారు. ఆయన పెట్టింది వద్దనే మనిషి కాదు. అందుకే మనసు కష్టంగా ఉంది.

ఎలా కలపాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నాకు కావాల్సింది దానికి ముందు సంగతి. బండి దగ్గర, బజార్లో నిలబడినప్పుడు ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి? మన నోటికి నచ్చేవి, రోజూ కొనగలిగేవి ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_వంటిల్లు | సోమవారం, రాత్రి 10:25

బాబూ, ముందు ఆ లెట్యూస్ సంగతి పక్కన పెట్టు. అది చలిప్రాంతపు ఆకు. తోట నుంచి నీ ఫ్రిజ్ దాకా చల్లగా వస్తేనే బాగుంటుంది, మధ్యలో ఎక్కడ వేడి తగిలినా నీరుకారిపోతుంది. పైగా అరవై దాటిన మనిషికి కొత్త రుచి అలవాటు చేయడం కష్టం. ఆయన నోరు ఎరిగిన పచ్చివాటితోనే మొదలుపెట్టు.

శ్రీరామనవమికి పందిట్లో పంచే వడపప్పు గుర్తుందా? నానిన పెసరపప్పు, కీరా ముక్కలు, పచ్చి కొబ్బరి, మామిడికాయ తురుము, పచ్చిమిర్చి, ఉప్పు. మీ నాన్నగారు చిన్నప్పటి నుంచి ఇష్టంగా తిన్నదే. అదే రాత్రి గిన్నెలో పెట్టి చూడు. పెసరపప్పు గంటసేపు నానితే చాలు. గోటితో గిల్లితే విరగాలి, మెత్తగా చితికిపోకూడదు. మామిడికాయ దొరకని రోజుల్లో నిమ్మరసం పిండు.

ఇక కొనే సంగతి. సలాడ్‌కి టమాటా ఎర్రగా ఉండాలి, కానీ వేలితో నొక్కితే గట్టిగా తగలాలి. నాటు టమాటా పులుపు నాకు చాలా ఇష్టం, అయినా పచ్చి ముక్కలకి అది పనికిరాదు. రసం ఎక్కువ, పావుగంటలో గిన్నె అడుగున నీళ్లు చేరతాయి. బెంగుళూరు టమాటా అయితే ముక్క నిలబడుతుంది. నేను లోపలి గుజ్జు, గింజలు తీసి చారులోకి వేస్తాను, కండ మాత్రమే సలాడ్‌లోకి. టమాటాలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి వాటి వాసన పోతుంది. గట్టు మీద గంపలో ఉంచు.

నిమ్మకాయ తొక్క పలచగా, నున్నగా ఉండి, చేతిలోకి తీసుకుంటే సైజుకి మించి బరువుండాలి. పచ్చగా రాయిలా ఉన్న కాయలో రసం ఉండదు. ఉల్లిపాయకి మెడ చూడాలి. సన్నగా బిగుసుకుని ఎండి ఉంటే మంచిది. మెడ మెత్తబడినా, మొలక కనిపించినా వదిలెయ్యి. ఘాటు ఎక్కువైతే తరిగిన ముక్కల్ని పది నిమిషాలు చల్లటి నీళ్లలో వేసి తీస్తే పెద్దవాళ్లకి కడుపులో మంట ఉండదు.

ఉప్పు మాత్రం తినే ముందే కలుపు. ముందే కలిపితే ఏ కూరగాయైనా నీరు వదిలేస్తుంది.

చేవెళ్ల_రైతుబిడ్డ | మంగళవారం, ఉదయం 5:50

అన్నా, కూరగాయలు పండించి రైతుబజార్లో అమ్ముకునేవాణ్ని కాబట్టి కీరా చేదు గురించి నేను చెప్తాను. అందులో మీ తప్పేం లేదు. తీగకు నీళ్లు ఒకరోజు అంది ఇంకోరోజు అందకపోయినా, ఎండ మరీ ముదిరినా కాయలో చేదు పెరుగుతుంది. ఆ చేదు పదార్థాన్ని కుకుర్బిటాసిన్ అంటారని మా దగ్గరికి వచ్చిన వ్యవసాయాధికారి చెప్పారు. దోస, సొర, బీర, గుమ్మడి, ఈ జాతి మొత్తానికి ఉన్న గుణం అది. తొడిమ వైపు, తొక్క కింద ఎక్కువగా ఉంటుంది.

పైనుంచి చూసి ఇది చేదు కాయ అని ఖాయంగా చెప్పడం పండించిన నాకే సాధ్యం కాదు. కానీ చేదయ్యే అవకాశం ఉన్న కాయల్ని తప్పించుకోవచ్చు. మొదటి నుంచి చివరి దాకా ఒకే లావుగా, చేతిలో బరువుగా ఉన్న కాయ తీసుకోండి. ఒకవైపు సన్నబడి ఇంకోవైపు ఉబ్బిన కాయ, కొడవలిలా వంగిన కాయ చాలావరకు నీళ్లకు ఇబ్బందిపడ్డ తీగది. పసుపు తిరిగిందంటే గింజ ముదిరింది. రెండు చివర్లూ నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోతే కోసి చాలా రోజులైనట్టు. లావుపాటి రెండు కాయల కంటే సన్నటి నాలుగు కాయలు మేలు. లోపల గింజ లేతగా ఉంటుంది, నీరు తక్కువ కారుతుంది. ఒకటి చేదైనా మూడు మిగులుతాయి.

ఇంటికెళ్లాక తొడిమ వైపు అంగుళం ముక్క కోసి పక్కనపెట్టి, ఆ తర్వాతి పలచటి ముక్క నాలుక మీద పెట్టుకోండి. మీ ఇంట్లో పప్పులోకి దోసకాయ తరిగేటప్పుడు అమ్మ చేసే పనే ఇది. ఒక్క చేదు కాయ కలిస్తే గిన్నె మొత్తం పోతుంది కాబట్టి ప్రతి కాయా విడిగా రుచి చూడాలి.

క్యారెట్ అయితే కడిగి మెరిసేదాని కంటే మట్టి అంటినది తీసుకోండి. కడిగిన క్యారెట్ త్వరగా మెత్తబడుతుంది. ఆకు ఉంటే ఇంకా మంచిది, ఆకు వాడలేదంటే దుంప కూడా తాజాదే. కానీ ఇంటికి చేరగానే ఆకు తెంపేయండి, లేకపోతే దుంపలోని తడి అది లాగేస్తుంది. తల దగ్గర పచ్చగా ఉన్న భాగం కోసేయండి, అక్కడ కొంచెం చేదుంటుంది. ముల్లంగి బరువు చూడాలి. పైకి తెల్లగా నున్నగా ఉండి చేతికి తేలిగ్గా తగిలితే లోపల బెండు పట్టినట్టే.

నిజాంపేట_అమ్మ | మంగళవారం, ఉదయం 10:05

రైతుబిడ్డ గారూ, కీరా చివర కోసి ఆ ముక్కతోనే రుద్దితే తెల్లటి నురుగు వస్తుంది, దాంతో చేదు పోతుందని మా అత్తగారు చెప్పేవారు. నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. అది నిజమేనా?

ఇంకో సందేహం కూడా. పురుగుమందుల భయంతో నేను అన్నీ ఉప్పునీళ్లలో అరగంట నానబెడుతున్నాను. అది సరిపోతుందా? మా చిన్నదానికి నాలుగేళ్లు, పచ్చివి పెట్టాలంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

చేవెళ్ల_రైతుబిడ్డ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్కా, మా అమ్మ కూడా రుద్దుతుంది. అక్కడ పని చేసేది ఆ చివర కోసి పారేయడమే, చేదు ఎక్కువగా ఉండేది అక్కడే కదా. కాయ లోపలిదాకా చేదైతే ఎంత రుద్దినా పోదు. మందుల గురించి తెలిసినవాళ్లు చెప్తే నాకూ నేర్చుకోవాలని ఉంది.

ఆహార_నేస్తం | మంగళవారం, రాత్రి 8:20

నేను డైటీషియన్‌ని. ఈ చర్చ చూసి సంతోషం వేసింది. సలాడ్ అనగానే అందరూ కొలతలు అడుగుతారు, కొనేచోటు గురించి అడిగేవాళ్లు తక్కువ.

నిజాంపేట అమ్మగారూ, ఉప్పునీళ్లకు గోబీపువ్వులో, ఆకుకూరల్లో దాక్కున్న పురుగులు బయటికి వస్తాయి. మందుల విషయంలో మాత్రం పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగడమే రోజూ చేయగలిగే ముఖ్యమైన పని. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ పరిశోధకులు యాపిల్ పండ్ల మీద రెండు రకాల మందులు పూసి చూశారు. లీటరు నీళ్లకి 10 గ్రాముల వంటసోడా కలిపి 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే పైన ఉన్న మందు పోయింది. తొక్కలోకి ఇంకిపోయింది మాత్రం పోలేదు. అందుకే పాప కోసం కీరా, క్యారెట్ చెక్కు తీసి పెట్టండి, క్యాబేజీకి పై రెండు మూడు ఆకులు తీసేయండి. మట్టిలో పెరిగే వాటిని, నేలకు తగిలే ఆకుల్ని మూడుసార్లు నీళ్లు మార్చి కడగాలి. పేగుల్లో పెరిగే టేప్‌వర్మ్ పురుగు గుడ్ల లాంటివి చేరేది ఆ మట్టి నుంచి, మురుగునీటి నుంచే. కడిగాక గుడ్డతో తుడవడం మర్చిపోకండి. తడి ముక్క మీద నిమ్మరసం, ఉప్పు పట్టవు.

మియాపూర్ అబ్బాయి గారూ, మీ డాక్టర్ చెప్పిన "అన్నానికి ముందు" అనే మాట చాలా విలువైనది. పీచు ఉన్నవి ముందు తిని తర్వాత అన్నం తింటే రక్తంలో షుగర్ పెరిగే వేగం తగ్గుతుంది. ఆ సీసా డ్రెస్సింగ్ వెనక ఏముందో ఒకసారి చదవండి. చాలావాటిలో చక్కెర కలుస్తుంది, షుగర్ కోసం తినేదానిలో చక్కెర పోసుకున్నట్టవుతుంది.

అలాగని నూనె అసలు లేకుండా తినడం కూడా సరికాదు. 2004లో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు సలాడ్ తిన్నవాళ్ల రక్తం పరీక్షించారు. కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో తిన్నప్పుడు క్యారెట్, టమాటా, ఆకుల్లోని కెరోటినాయిడ్లు అనే రంగు పోషకాలు దాదాపు ఒంటికి పట్టనే లేదు. నూనె ఉన్నదానితో తింటే బాగా పట్టాయి. మనకి దానికి సీసా అక్కర్లేదు. వేయించిన వేరుశనగ గుళ్లు కచ్చాపచ్చాగా దంచి రెండు చెంచాలు, లేదా నువ్వుల పొడి, లేదా పచ్చి కొబ్బరి, ఏదో ఒకటి చాలు. గుళ్లు కొనేటప్పుడు ముడతలు పడినవి, నల్లమచ్చ ఉన్నవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా ఉంచకండి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది వేయించినా పూర్తిగా పోదు, కాలేయానికి చేటు.

కీరా చేదు గురించి ఒక మాట కలుపుతాను. కొంచెం చేదుంటే చివర కోసేసి తినొచ్చు. కాయంతా గట్టి చేదైతే పారేయండి, "ఒంటికి మంచిది" అని మింగొద్దు. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు కూడా చేదు సొరకాయ రసం తాగొద్దనే చెప్పారు. షుగర్ ఉన్నవాళ్లకి చేదంటే మందు అనే నమ్మకం ఉంటుంది కాబట్టి మీ ఇంట్లో కూడా ఈ మాట చెప్పండి. కాకరకాయ చేదు వేరు, ఈ చేదు వేరు.

గుంటూరు_మాస్టారు | బుధవారం, ఉదయం 6:30

ఇంతమంది రాశారు, మొలకల ఊసు ఎవరూ ఎత్తలేదేమి? నేను రిటైరై తొమ్మిదేళ్లయింది. రోజూ ఉదయం గుప్పెడు పెసర మొలకలు, ఉల్లిపాయ, నిమ్మరసం. ఖర్చు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. మియాపూర్ అబ్బాయి నాన్నగారికి ఇంతకంటే మంచిది ఏముంటుంది?

ఆహార_నేస్తం | బుధవారం, ఉదయం 9:10

మాస్టారూ, మొలకల్లో బలం ఉందన్నది నిజమే. ఇష్టపడి తింటున్నారు కాబట్టి చెప్పడానికి నాకు మొహమాటంగా ఉంది, అయినా చెప్పాలి. మొలక రావడానికి కావాల్సిన తడి, వెచ్చదనమే బ్యాక్టీరియా పెరగడానికీ కావాలి. గింజ పగుళ్లలో ఉన్న క్రిమి కడిగితే పూర్తిగా పోదు, మూట కట్టిన ఒకటిన్నర రోజులో లక్షలవుతుంది. 2011లో ఉత్తర జర్మనీలో మెంతి మొలకల వల్ల ఈ-కోలై అనే బ్యాక్టీరియా వ్యాపించి దాదాపు 4000 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. ఒక దేశపు వైద్యవ్యవస్థ వారాలపాటు కారణం వెతుక్కుంది. మొదట కీరా మీద అనుమానపడ్డారు, చివరికి మొలకలని తేలింది.

మానేయమని అనడం లేదు. ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించి తినండి. పెద్దవాళ్లకి, చిన్నపిల్లలకి, గర్భిణులకి పచ్చి మొలకలు వద్దు.

బెజవాడ_వంటిల్లు | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఇది నా అనుభవంలోదే. మా అమ్మ ఒకసారి బయట కొన్న కప్పు మొలకలు పచ్చిగా తిని మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఒంట్లో నీళ్లన్నీ పోయి కళ్లు లోపలికి పోయాయి. ఆ మూడు రోజులూ నేను మంచం పక్కన కూర్చునే ఉన్నాను. అప్పటి నుంచి ఇడ్లీ పాత్రలో పల్చటి గుడ్డ పరిచి మొలకల్ని ఆవిరి పట్టి, ఆరాక కలుపుతున్నాను. కరకరలాడడం కొంచెం తగ్గుతుంది, అంతే. మాస్టారూ, మీరూ అలాగే చేయండి, మా పెద్దన్నయ్య లాంటివారు.

గుంటూరు_మాస్టారు | బుధవారం, సాయంత్రం 5:15

ఇద్దరూ అంత చెప్పాక కాదనలేను. రేపటి నుంచి ఆవిరి పట్టే తింటాను. జర్మనీ సంగతి నేను ఎక్కడా చదవలేదు.

డల్లాస్_తెలుగు | గురువారం, ఉదయం 7:00

ఇక్కడ అమెరికాలో కూడా ఆకుల గొడవ ఉంది. 2018 నవంబరులో థాంక్స్‌గివింగ్‌కి ముందు రొమెయిన్ లెట్యూస్ ఎవరూ తినొద్దని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ దేశం మొత్తానికి చెప్పింది, ఈ-కోలై కారణంగానే. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారేశాం. కవర్లో ప్యాక్ చేసి వచ్చింది కాబట్టి శుభ్రంగా ఉంటుందనుకోవడం పొరపాటని అప్పుడు తెలిసింది. ఇప్పుడు విడి ఆకులున్న కవర్ కాకుండా మొత్తం పువ్వులా ఉన్న లెట్యూస్ కొని, పై ఆకులు తీసేసి కడుగుతాను.

రైతుబిడ్డ గారిని ఒకటి అడగాలి. ఇక్కడ మెక్సికన్ దుకాణాల్లో వెర్దొలాగాస్ అని ఒక ఆకు అమ్ముతారు. ఎర్రటి కాడ, దళసరి చిన్న ఆకులు, కొరికితే పులుపు. నాకు అది మా నల్గొండ అమ్మమ్మ పప్పులో వేసే గంగవాయిలి కూరలాగే అనిపించింది. అది ఇదేనా? ఇక్కడివాళ్లు పచ్చిగానే తింటున్నారు.

చేవెళ్ల_రైతుబిడ్డ | గురువారం, రాత్రి 9:30

అదేనన్నా, గంగవాయిలే. ఆంధ్ర వైపు గంగపాయల కూర అంటారు. మా చేలో వేయకుండానే వస్తుంది, కలుపు అని పీకి గట్టున పడేసేవాళ్లం. మీరు చెప్పాక ఇవాళ నాలుగు చిగుర్లు కడిగి ఉల్లిపాయతో, ఉప్పుతో తిన్నాను. పుల్లగా, కరకరగా భలే ఉంది. మియాపూర్ అన్నా, లెట్యూస్‌కి బదులు ఇది చూడండి. వేలెడంత లేత చిగుర్లే తీసుకోవాలి, పువ్వు వచ్చిన కాడ వద్దు. మందు కొట్టిన చేలోది, రోడ్డు పక్కది అసలే వద్దు.

ఆహార_నేస్తం | శుక్రవారం, ఉదయం 8:45

మంచి మాట. ఆకుల్లో అరుదుగా ఉండే ఒమేగా-3 కొవ్వు ఇందులో బాగానే ఉంటుంది. రాళ్లకి కారణమయ్యే ఆక్సలేట్లు అనే పదార్థాలు కూడా ఎక్కువే, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు దీన్ని, పచ్చి పాలకూరని తగ్గించుకోవాలి. పెరుగుతో తింటే కొంత నయం.

నిజాంపేట_అమ్మ | శుక్రవారం, ఉదయం 11:20

ఆకుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మా మామగారికి గుండె వాల్వ్ మార్చారు, రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వేసుకుంటారు. మంచిదని మేము ఒక్కసారిగా రోజూ పాలకూర పెట్టడం మొదలుపెట్టాం. రక్తం ఎంత పలచగా ఉందో చూసే తర్వాతి పరీక్షలో లెక్క తప్పింది. ఆకుల్లోని విటమిన్-కె ఆ మందుకి ఎదురు పనిచేస్తుందని, ఆకుకూరలు మానక్కర్లేదు కానీ ప్రతి వారం ఒకే మోతాదులో తినాలని డాక్టర్ గారు చెప్పారు. ఇంట్లో ఇలాంటి మందులు వాడేవాళ్లుంటే అడిగాకే మార్చండి.

మియాపూర్_అబ్బాయి | పదహారు రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 8:50

అందరికీ చేతులెత్తి దండం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి.

మీరు చెప్పినట్టు మొదటిరోజు వడపప్పుతో మొదలుపెట్టాను. ఏమీ చెప్పకుండా గిన్నె ముందు పెట్టాను. నాన్న ఒక చెంచా తిని "ఇవాళ పండగేమిటి?" అన్నారు. గిన్నె ఖాళీ చేసి ఇంకొంచెం అడిగారు. ఆ రాత్రి అమ్మ వంటింట్లోకి వచ్చి నా భుజం తట్టింది.

రెండో ఆదివారం నాన్నని కూకట్‌పల్లి రైతుబజార్‌కి తీసుకెళ్లాను. నేను బోర్డు మీద ధరలు చూస్తున్నాను, ఆయన కాయలు చూస్తున్నారు. కీరా చివర్లు నొక్కడం, ముల్లంగి చేత్తో తూకం వేయడం నేను ఆయనకి చెప్పబోయాను. ఆయనే నాకు చెప్పారు. ముప్పై ఏళ్లు ఇంటికి కూరగాయలు తెచ్చిన చేతులు అవి. ఆ సంగతి నేనే మర్చిపోయి సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆయనే నడిచి వెళ్లి తెస్తున్నారు, నడక కూడా అయిపోతోంది.

ఇప్పుడు మా ఇంట్లో రోజుకి మూడే రకాలు. ఒకటి కీరా గానీ ముల్లంగి గానీ. ఒకటి క్యారెట్ లేదా టమాటా. ఒకటి పప్పు, లేదా ఆవిరి పట్టిన మొలకలు. పైన వేరుశనగ పొడి, నిమ్మరసం. ఏడెనిమిది రకాలు వేసినప్పుడు ఏ రుచీ తెలిసేది కాదు, సగం వాడిపోయేవి. షుగర్ పరీక్ష వచ్చే నెల ఉంది.

ఒక్కటే మిగిలింది. గంగవాయిలి కోసం నాన్న మూడుసార్లు అడిగారు, మా వైపు బండ్ల మీద దొరకడం లేదు.

చేవెళ్ల_రైతుబిడ్డ | సోమవారం, ఉదయం 5:40

అన్నా, నేను అమ్మేది కూడా కూకట్‌పల్లి రైతుబజార్లోనే. నిన్న మీ నాన్నగారు నా దగ్గరే ముల్లంగి తూచుకున్నారేమో! వచ్చే ఆదివారం నాలుగు కట్టలు తెస్తాను, మందు కొట్టని మడిలోవే. ఏడింటిలోపు రమ్మనండి, తర్వాత ఎండకి వాడిపోతాయి.